చేతినిండా పని

ఒర్నెల్లా వంగి, కైలా చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకుంది.

చర్చి వెనకాల హాలు హాలంతా ఘొల్లున నవ్వింది.

కైలాకి నిండా ఇరవై లేవు. ఒర్నెల్లాకి నలభై దాటాయి. ఫిలిప్పీన్ వాళ్లలో చిన్నవాళ్లు పెద్దల చెయ్యి నుదుటికి తాకించుకుని దీవెన తీసుకుంటారు. ఇక్కడ వ్యవహారం తలకిందులైంది.

"దీవించవే కైలా! నూరేళ్లు బతకమను!" కైలా తల్లి బెబెంగ్ పొట్ట పట్టుకుంది. "నించున్న పళాన ముసలమ్మవైపోయావు కదే!"

"ఊరుకో అమ్మా. ఆవిడ నుదురు కాలిపోతోంది," అంది కైలా.

నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

మిలానోలో ఆదివారం పూజ అయ్యాక అందరూ ఆ హాల్లోనే చేరతారు. వారమంతా పరాయి ఇళ్లు తుడిచినవాళ్లు ఆ ఒక్క పూటా సొంతింట్లో ఉన్నట్టు అరుచుకుంటారు.

ఈ ఒర్నెల్లా ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలీదు. ఇటలీ దంపతులు పెంచుకున్న పిల్లట. ముఖం మనీలా, మాట మిలానో.

ఫిలిప్పీన్ వాళ్ల భాషలో ఆమెకి వచ్చింది ఒకటే మాట. మానో. దీవెన కోసం చెయ్యి అడిగే మాట. ఇటలీ భాషలోనూ చెయ్యిని మానో అనే అంటారు కనక, పాపం నోరు తిరిగింది.

మానో, మానో అంటూ అందరి వెంటా పడేది. మానమంటే మానేది కాదు.

పెద్దా చిన్నా లేదు. పాలపీక నోట్లో ఉన్న చంటాడి చెయ్యి కూడా వదల్లేదు.

"ఎవరికి వంగాలో తెలీని మనిషి మనదెలా అవుతుందే?" అనేది బెబెంగ్.

"తెల్లవాళ్ల పెంపకం. చేపల పులుసులోకి జున్ను అడిగే రకం," అనేది ఇంకొకావిడ.

ఒర్నెల్లా కూడా నవ్వేది. అర్థమై నవ్వేదో, అర్థంకాక నవ్వేదో.

ఆ హాలుకి పెద్దదిక్కు ఇస్యాంగ్. అందరికీ అవ్వలాంటిది కనక అందరూ లోలా అనే పిలుస్తారు. ఆవిడ చెయ్యి పడకపోతే పన్సిత్ ఉత్త నూడుల్స్. కొత్తమొహం కనిపిస్తే చాలు, ఏడు తరాలు తవ్విపోసేది.

ఒర్నెల్లాని మాత్రం ఏ ఊరని కూడా అడగలేదు.

"మానో?" అంటూ వచ్చేది ఒర్నెల్లా.

"చేతినిండా పనమ్మా, చూట్టంలా?" అని లోలా గరిటె ఊపేది.

ఒక వారం గరిటె. ఒక వారం మోచేతులదాకా పిండి. ఇంకో వారం ఏమీ దొరక్క పక్కనున్న పిల్లాణ్ణి ఎత్తేసుకుంది.

"అరిగిపోతుందా లోలా? ఒక్కసారి చెయ్యిచ్చెయ్యరాదూ!" అంది బెబెంగ్.

"నాకు చెయ్యిచ్చినవాళ్లున్నారు గానీ, నేనెవరికీ చెయ్యివ్వలేదే!"

హాలు మళ్లీ ఘొల్లుమంది. లోలా అందరికన్నా గట్టిగా నవ్వింది.

ఆ చివరి ఆదివారం ఒర్నెల్లా తలకి స్కార్ఫ్ కట్టుకుని వచ్చింది. సగమైపోయింది మనిషి. వంగలేక పొయ్యి పక్కన కుర్చీలో కూలబడి చెయ్యి చాపింది.

"మానో?"

లోలా కూర పెట్టి చుట్టిన లుంపియాలు నూనెలో వేస్తోంది.

"ఈ వాయి అయ్యాక చూద్దాం," అంది అటు తిరిగే.

వాయి అయింది. ఇటు తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

లోలా ఒక ప్లేట్లో నాలుగు లుంపియాలు పెట్టి మూత పెట్టింది. వాటిని ఎవర్నీ తిననివ్వలేదు.

తరవాతి ఆదివారం పూజలో ఫాదర్ చెప్పాడు, ఒర్నెల్లా పోయిందని.

పోయినవాళ్లని ఒంటరిగా ఉంచకూడదు, చూడవచ్చినవాళ్లని పస్తుంచకూడదు. అందరూ తలో గిన్నె పట్టుకుని బయల్దేరారు. పెద్ద గిన్నె పన్సిత్ లోలాది. ఎవరు అందుకోబోయినా ఇవ్వలేదు.

శవపేటిక పక్కన ఒక ఇటలీ ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. పెంచిన తల్లి.

"ఆదివారం వాళ్లు మీరేనా?" అంటూ లేచింది. "మీ గురించే చెప్పేది."

బెబెంగ్ తల దించుకుంది.

"ఆవిణ్ణి చూసి కాస్త నవ్వుకునేవాళ్లమండీ. తప్పే. ఎవరి చెయ్యి తీసుకోవాలో పాపం తెలిసేది కాదు."

"తెలియకేం? బాగా తెలుసు," అంది ముసలావిడ.

అందరూ తలలెత్తారు.

"దాని కన్నతల్లి మీలోనే ఉందట. ఎలాగో కనుక్కుంది. పేరు నాక్కూడా చెప్పలేదు. 'ఇప్పుడావిడకి సంసారం ఉందమ్మా, పరువుంది. నేనెవరో చెప్పను. అందరి చేతులూ తీసుకున్నాననుకో, ఆ ఒక్క చెయ్యి కోసమే వస్తున్నానని ఎవరికీ తెలీదు' అంది."

కైలా తన చెయ్యి తనే చూసుకుంది.

"ఇంటికి రాగానే అడిగేదాన్ని, ఇవాళైనా ఇచ్చిందా అని." ముసలావిడ కళ్లు తుడుచుకుంది. "'ఇంకా లేదమ్మా, పాపం ఆవిడకి చేతినిండా పని' అనేది."

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

కాసేపటికి బెబెంగ్ మెల్లగా వెళ్లి, లోలా ఇస్యాంగ్ చేతుల్లోంచి పన్సిత్ గిన్నె తీసుకుంది.