నా నంబరైతేనే

ఇనుప రాడ్డు మొదటి దెబ్బకు శ్యాంసుందర్ ఫోన్ పలిగింది. రెండో దెబ్బకు మోకాలు విరిగింది.

మొయినాబాద్‌లో శ్యాంసుందర్, అతని పార్ట్‌నర్ కలిసి నడుపుతున్న గులాబీల గోదాం అది. రాడ్డు పట్టుకున్నది ఆ పార్ట్‌నరే. తాను మింగిన పైసల లెక్కలన్నీ శ్యాంసుందర్ ఆన్‌లైన్‌లో దాచిండని తెలిసి వచ్చిండు.

"పాస్‌వర్డ్ చెప్పు. అంతా నా చేత్తోనే డిలీట్ చేస్త."

చెయ్యి కూడా విరిగినంక శ్యాంసుందర్ చెప్పిండు. పాస్‌వర్డ్ సరిపోయింది గాని అకౌంట్ తెరుచుకోలేదు. చేవెళ్ల దుకాణంలో కూర్చున్న అతని భార్య స్వప్నిక ఫోన్ గూడ ఆ అకౌంట్‌కు జోడించి ఉన్నది; దానికి ఒక ప్రశ్న పోయింది: లాగిన్ అవుతున్నది మీరేనా?

ఆమె 'కాదు' నొక్కింది.

పార్ట్‌నర్ కొత్త సిమ్ నుంచి ఆమెకు ఫోన్ కలిపి శ్యాంసుందర్ నోటి కాడ పెట్టిండు. రాడ్డు తల మీదికి ఎత్తిండు.

"స్వప్నికా, 'అవును' నొక్కవే! నీ కాళ్లు మొక్కుత. వీడు నన్ను సంపుతడే!"

స్వప్నిక నంబర్ చూసింది. ఎవరిదో తెల్వదు. మొన్ననే శ్యాంసుందర్ పక్కన కూర్చోబెట్టుకొని మరీ చెప్పిండు: "ఇప్పుడు గొంతులు గూడ దొంగిలిస్తున్నరు. అచ్చం నా లెక్కనే ఏడుస్తరు. నా నంబరైతేనే నమ్ము."

ఆమెకు నవ్వొచ్చింది.

"గొంతు మంచిగనే దింపినవ్ గని, మా ఆయన గిట్ల ఏడ్వడు రా. జర నేర్చుకొని చెయ్."

ఫోన్‌లో రాడ్డు దిగిన చప్పుడు వినబడ్డది.

"సౌండ్ గూడ మస్తు పెట్టినవ్," అని నంబర్ బ్లాక్ చేసింది.