పడమటి రింగు

నెహెమ్యా కానుకల సంచిలో ఎనిమిది చీటీలు వేసి గట్టిగా కదిపాడు.

కల్లూరు చర్చి ఆవరణలో ఏటా జరిగే ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీలకు అతనే కార్యదర్శి. ఎనిమిది ఊళ్ళ జట్లు. రెండు నెలలుగా ప్రతి జట్టూ మిగతా ఏడింటితో ఆడేసింది. ఇక ఓడితే ఇంటికే. ఎవరికి ఎవరు ఎదురో చీటీలు తీసి తేల్చడం అక్కడి ఆనవాయితీ.

బల్ల మీద చేమంతి దండ వేసిన ఫోటో, పక్కనే కప్పు. సుందరం మాస్టర్ స్మారక కప్పు.

ఆ ఆవరణలో మొదటి రింగు పాతిన మనిషాయన. నలభై ఏళ్ళ కిందట బొంబాయి పోయాడు. అక్కడే కాలం చేశాడని కబురొచ్చింది. ఫోటోలో మీసాలకు మాత్రం ఇంకా పాతికేళ్ళే.

"ఒక్క నిమిషమప్పా," అన్నాడు అరుగు మీద కూర్చున్న ముసలాయన.

బట్టతల, భుజాన తువ్వాలు. ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు.

"ఏడుకేడూ గెలిచిందెవరు?"

"కోసిగి."

"తర్వాత?"

"మా కల్లూరే. ఆరు గెలిచినాం."

"ఆ రెండు చీటీలూ జతగా వస్తే?"

నెహెమ్యా సంచి కదపడం ఆపాడు. పోయినేడు అట్లాగే వచ్చింది. కోసిగి పిల్లలు పొద్దున పది గంటలకే ఓడి బస్సెక్కారు. ఈసారీ అట్లాగే అయితే మళ్ళీ బంతి ముట్టేదెప్పుడో. సోమవారం ఆ పిల్లలంతా అమ్మానాన్నలతో మిరపకోతలకు గుంటూరు వైపు పోతున్నారు. వాళ్ళ కెప్టెన్ ప్రేమజ్యోతి కళ్ళు సంచి మీదే ఉన్నాయి.

"చీటీలో దేవుని చిత్తముంటాది పెద్దాయనా."

"ఏడు మ్యాచులు గెలిపించిందీ ఆయనే గదప్పా. ఆ చిత్తాన్ని సంచిలో వేసి కదిపితే ఎట్ల?"

చుట్టూ నవ్వులు. నెహెమ్యాకు మండింది.

"నీళ్ళ ట్యాంకరొస్తే మీ వీధిలో బిందెలెట్ల పెడతారు?" అడిగాడు ముసలాయన.

"వరసలో."

"కోడి కూయకముందే పెట్టినామె ముందు పట్టుకుంటాదా, చీటీ తీస్తారా?"

"చీటీ తీస్తే జుట్లు పట్టుకుంటాం!" పొయ్యి దగ్గర్నుంచి కేకేసింది వంట చేస్తున్న జీవమ్మ.

"ఇదీ అంతే. ఒకటో జట్టుకు ఎనిమిదోది. రెండుకు ఏడు, మూడుకు ఆరు, నాలుక్కు ఐదు. పైనున్న ఇద్దరూ గెలుస్తా పోతే ఫైనల్లోనే కలవాల. దుడ్లిచ్చి ఆడించే పెద్ద పెద్ద లీగుల్లో ఇట్లనే."

"ఎనిమిదోది మాదే," అన్నాడు ఓర్వకల్లు కోచ్ రంగస్వామి. "మాకన్యాయం గదా?"

"నీకూ ఏడు మ్యాచులిచ్చినారు గదప్పా. బిందె ఆలస్యంగా తెచ్చి ట్యాంకరును తిడితే ఎట్ల?"

అందరికంటే గట్టిగా రంగస్వామే నవ్వాడు.

నెహెమ్యా చీటీలు చించేశాడు.

"ఇంకొకటుండాది," అన్నాడు ముసలాయన. సందు దొరికితే ఊరుకునే రకం కాదు. "ఆ లీగుల్లో పై జట్టుకు సొంత గ్రౌండులో ఆట. ఈడ గ్రౌండు ఒకటే. అందుకని ముందు ఏ రింగుకు ఆడాలో పై జట్టే కోరుకోవాల."

"ఏ రింగయితే ఏమి?"

"పడమటి రింగు చూడు. దానికి గురిపెడితే సాయంత్రం ఎండ కళ్ళల్లో పొడుస్తాది. ఆడ పాతినోడికి బుర్ర లేదు."

నెహెమ్యా దిగ్గున లేచాడు.

"పాతింది మా సుందరం మాస్టర్! ఆయన్ను ఇంకో మాటంటే మర్యాద దక్కదు!"

"తప్పయిపోయిందప్పా," అని ముసలాయన ఫోటోకేసి చేతులు జోడించాడు.

మర్నాడు సాయంత్రానికి ఆయన లెక్కే నిజమైంది. ఫైనల్లో కోసిగి, కల్లూరు.

ఆటకు ముందు మాస్టర్ పేరిట నిమిషం మౌనం. ముసలాయన కూడా తల వంచుకుని నిలబడ్డాడు. భుజాలు అదురుతున్నాయి.

"పాపం, ఎవరు గుర్తొచ్చినారో, ఏడుస్తాండాడు," అంది జీవమ్మ.

ప్రేమజ్యోతి ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, ఏ రింగు కోరుకోవాల?"

"ముందు తూర్పుది. రెండో సగానికి సూర్యుడు గంటగోపురం చాటుకు పోతాడు. అప్పుడు పడమటిది మీకు చల్లగా ఉంటాది."

'రోజూ ఈడనే ఆడతాండాం, మాకే తట్టలేదే!' అనుకున్నాడు నెహెమ్యా.

సూర్యుడు చెప్పినట్టే చాటుకు పోయాడు. చివరి నిమిషంలో ప్రేమజ్యోతి విసిరిన బంతి పడమటి రింగులోంచి జారింది. ఒక్క పాయింటు తేడాతో కోసిగి గెలిచింది!

ఆవరణ దద్దరిల్లింది. రంగస్వామి ఈలలు వేశాడు. సొంత జట్టు ఓడినా నెహెమ్యా గంతులేశాడు. అంత మంచి ఆట ఆ గ్రౌండులో అతనెన్నడూ చూడలేదు. కప్పు చేతుల్లోకి తీసుకుని కోసిగి పిల్లలు ఏడుస్తూ నవ్వారు.

శాలువా పట్టుకుని నెహెమ్యా అరుగు దగ్గరికి పోయాడు. అరుగు ఖాళీ.

"రైలుందని ఇప్పుడే ఆటో ఎక్కె," అంది జీవమ్మ.

"అయ్యో, పేరు గూడా అడగలేదే!"

"స్కోరు పుస్తకంలో ఏందో రాసిపోయినాడన్నా," అంటూ ప్రేమజ్యోతి పుస్తకం తెచ్చి, చివరి స్కోరు కింద ఉన్న వంకర అక్షరాలు పైకి చదివింది:

"పడమటి రింగు తప్పు నాదేనప్పా, బతికుండానని తెలిస్తే కప్పు ఆపేస్తారేమో, ఎవరికీ చెప్పొద్దండి, వచ్చే ఏడు మౌనానికి మళ్ళీ వస్తా - సుందరం."