సుగుణ విలనైంది

“సుగుణ అట్లాంటిది కాదే చైత్రా! నువ్వు సరిగ్గా చూసినట్టు లేవు.” కన్యకమ్మ మంచంమీద లేచి కూర్చోబోయింది.

“బాగానే చూసినానత్తమ్మా. మొగుడు చచ్చిపోయిన సంగతి అత్తకు చెప్పకుండా దాచిపెట్టింది. పైగా రోజూ బొట్టూ పూలూ పెట్టుకొని తిరుగుతాండాది.”

సుగుణ అంటే ఏడు గంటల సీరియల్లో కోడలు. ఊరంతా మెచ్చుకునే మంచిపిల్ల. ఆ 2004 ఎండాకాలంలో చింతామణిలో సరిగ్గా ఏడింటికే కరెంటు పోయేది. ఎదురింటి శశికళ వాళ్ళకు యుపిఎస్ ఉంది. చైత్ర అక్కడికి పోయి సీరియల్ చూసొచ్చి, గుండె ఆపరేషనై మంచం దిగని అత్తకు కొవ్వొత్తి వెలుగులో కథంతా చెప్పేది. మొదట్లో చూసింది చూసినట్టే చెప్పింది. మోహిత్ పోయాక మాత్రం టీవీలో సుగుణ వేరు, చైత్ర చెప్పే సుగుణ వేరు.

అవును, మోహిత్ పోయాడు. కన్యకమ్మకు ఒక్కగానొక్క కొడుకు, చైత్రకు మొగుడు. చిక్కబళ్ళాపురం దాటాక లారీ గుద్దింది. కర్మలన్నీ బాగేపల్లిలో చిన్నమామ ఇంట్లో కానిచ్చేశారు. ఏ చెడ్డ కబురూ కన్యకమ్మ చెవిన పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని కొడుకు మండీ పనిమీద హుబ్బళ్ళికి పోయాడని నమ్మబలికాడు ఆమె భర్త పద్మనాభ.

“నీ నోరు జారితే ఈ ఇంట్లో ఇంకో పాడె లేస్తాదమ్మా” అని కోడలికి చేతులెత్తి మొక్కాడు.

ఎంత జాగ్రత్త పడ్డారని! మైల రోజుల్లో తాళింపు లేని చారు పోసి, డాక్టరు నూనె వద్దన్నాడని చెప్పారు. ఏడుపు ఆగకపోతే పెరట్లోకి పోయి ఏడ్చుకున్నారు. మైల తీరాక పద్మనాభ ఎప్పటిలా తెల్లారే గంట కొట్టి పూజ మొదలుపెట్టాడు. కొడుక్కి ఫోను కలపమని కన్యకమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. అది తమ అదృష్టమే అనుకున్నారు.

చైత్ర బొట్టూ గాజులూ తీయలేదు. తీస్తే ముసలామెకు తెలిసిపోతుంది కదా. అదే బాగేపల్లి చిన్నత్తకు కంటగింపు. “అక్కకు తెలిసిన దినమే ఇవన్నీ తీసెయ్యాల. అంతవరకే నీ సింగారం” అంది, చైత్ర జడలోని మల్లెలు చూస్తూ.

ఆ మాట చైత్రకు నాటుకుపోయింది. నిజం చెప్పాలంటే, ఆ మల్లెల వాసన ఆమెకు ఇంకా ఇష్టమే. మొగుడు పోయి నెల తిరగలేదు, ఇదేం పాడు బుద్ధి నాది అని తనను తానే తిట్టుకుంది. ఆ తిట్లన్నీ తెచ్చి పాపం సుగుణ నెత్తిన రుద్దింది.

“అత్తమీద ప్రేమతో దాచిందనుకుంటాండావా? పూలకోసం దాచిందత్తమ్మా. అది ఉత్త విలన్.”

“పెట్టుకోనీలే, చిన్నపిల్ల. పూలు పెట్టుకుంటే విలనా?”

“అత్తను మోసం చేస్తాండాది కదా!”

“ఆ అత్తేమన్నా అడిగిందా? అడగనిదానికి మోసమేంది?”

రోజూ ఇదే వాదన. చైత్ర ఒకరోజు సుగుణను అద్దం ముందు నిలబెట్టి నవ్వించింది. ఇంకోరోజు సుగుణ ఎవరిచేతనో మొగుడి గొంతుతో అత్తకు ఫోన్ చేయించిందని చెప్పింది. ఎంత దుర్మార్గం చేయించినా కన్యకమ్మ ఒప్పుకుంటే కదా! ప్లీడరులాగా సుగుణ పక్షమే పట్టేది. ఒక్కసారి ఆమె నోటితో ‘పాపిష్ఠిది’ అనిపించుకుంటే బాగుండునని చైత్రకు ఎంతగానో ఉండేది.

మధ్యలో శశికళ ఊరమిరపకాయలు ఇవ్వడానికొచ్చి కొంప ముంచబోయింది.

“సుగుణ విలనేందమ్మా? నిన్ననే కదా మొగుడితో కొండకు పోయొచ్చింది!”

చైత్ర గబగబా ఆమెను వాకిట్లోకి లాక్కుపోబోయింది. కన్యకమ్మ మాత్రం ఇట్టే కొట్టిపారేసింది. “నువ్వు టీవీ ముందర కునుకు తీస్తావు శశీ. మా చైత్ర చెప్పిందే నిజం.”

శశికళ బిక్కమొహం వేసి వెళ్ళిపోయింది.

ఇక చైత్రకు ఓపిక లేకపోయింది. ఇవాళ సుగుణచేత నిజం చెప్పించాలి అనుకుంది. కథలో ముసలామె ఆ కబురు తట్టుకుంటుందని అత్త అంటే, తానూ ఇక్కడే, ఇప్పుడే నోరు విప్పేస్తుంది. తట్టుకోలేదంటే ఈ జన్మలో విప్పదు.

ఏడింటికి కరెంటు పోయింది. ఆ రోజు ఎదురింటికి కూడా పోలేదు చైత్ర. కొవ్వొత్తి వెలిగించి, అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది.

“ఈ పొద్దు సుగుణ చెప్పేద్దామని నోరు తెరిచిందత్తమ్మా. అంతలో అయిపోయింది. రేపు చెప్తాదేమో.” అత్త కాళ్ళమీది దుప్పటి సర్దింది. “చెప్తే ఆ ముసలామె బతుకుతాదా?”

కన్యకమ్మ మెల్లగా చేయి చాపి, కోడలి జడలోంచి జారుతున్న మల్లెదండను సరిగ్గా తురిమింది.

“దేవుని గదిలో గంట మోగని మొదటి తెల్లారే ఆ ముసల్దానికి కొడుకు పోయినాడని తెలిసిపోయిందనీ, తెలిసినట్టు కనపడితే కోడలి తలలో పూలు తీయిస్తారని నోరు మూసుకొని పడుండాదనీ రేపు కథలో చెప్పు తల్లీ” అంది.