నలభై ఏడో నంబరు

“రింగవుతోంది,” అన్నాడతను, రిసీవరుకి అరచెయ్యి అడ్డం పెట్టి.

లేబుళ్ళను వందేసి చొప్పున కట్టలు కడుతున్న భార్య చేతిలోని దారం వదిలేసి వచ్చి పక్కన నిలబడింది.

“నెమ్మదిగా మాట్లాడండి. లోపలికి వినపడిందంటే మొదటికే మోసం.”

ముందు గదిలో బల్ల, ఫోను, రెండు కుర్చీలు. వాటి వెనక అచ్చు యంత్రం. ఆ వెనక కాగితం నిలవుంచే గది. దాని తలుపు దగ్గరగా వేసి ఉంది. ప్రెస్ తెరిచి గంటయింది.

అవతల ఫోనెత్తారు.

“నమస్తే అమ్మా. డిస్పాచ్ క్లర్కు పోస్టు సంగతి కనుక్కుందామని. దరఖాస్తు నంబరు...”

“నలభై ఏడు,” అంది పార్సిల్ కంపెనీలో ఫోన్లు తీసే అమ్మాయి. “ఆ నంబరు మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చేసిందండీ.”

“విసిగిస్తున్నానా?”

“మొదటి వారం విసుక్కున్నాం. రెండో వారానికి అలవాటైపోయింది. నిన్న పదకొండు దాటినా మీ ఫోను రాకపోతే మా మేనేజరుగారే అడిగారు, నలభై ఏడుకి ఒంట్లో బాగోలేదా అని.”

అతను మళ్ళీ అరచెయ్యి అడ్డం పెట్టాడు. “మేనేజరే అడిగాడటే!”

“మంచికా, చెడుకా?” అంది భార్య.

“ఏమో. ఉండు.”

“వింటున్నారా? ముగ్గురు మిగిలారు. అందులో మీ నంబరుంది. ఇవాళ తేల్చేస్తారు,” అంది ఆ అమ్మాయి. “ఇప్పుడు పనిచేస్తున్న చోటు నుంచి ఒక ఉత్తరం కావాలి, యజమాని సంతకంతో. పన్నెండు లోపు.”

“పదకొండున్నరకే మీ గేటు దగ్గర ఉంటుందమ్మా.”

“ఆయన ఇస్తారా మరి? పనిచేసే మనిషిని వదులుకోమంటే ఎవరికైనా కష్టమే కదా.”

“ఇస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు.”

ఫోను పెట్టేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. భార్య కుర్చీలో కూలబడింది.

“ఆరేళ్ళండీ. ఈ ప్రెస్‌లో ఆరేళ్ళు వేగాం. ఇది కూడా జారిపోయిందంటే ఇంకో ఆరేళ్ళు ఇంతే సంగతులు. మా అమ్మ పొద్దున కూడా అడిగింది, ఏమైందే అని.”

“జారిపోదు.”

“టైర్ల కంపెనీ అప్పుడూ ఇదే మాటన్నారు.”

అప్పుడు అతను ఒక్కసారి ఫోన్ చేసి ఊరుకున్నాడు. ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఈసారి ఇంటర్వ్యూ అయిన మర్నాటి నుంచీ రోజుకొకసారి చేస్తున్నాడు. ఇది పద్దెనిమిదో రోజు.

ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. భార్య చెబుతోంది, అతను రాస్తున్నాడు.

“అబద్ధం ఒక్క ముక్క కూడా వద్దు. రేపు పట్టుకున్నారంటే తలెత్తుకోలేం.”

“నిజాలే రాద్దాం. ఏ నిజాలో నువ్వే చెప్పు.”

ఆ అమ్మాయి ఇచ్చిన గడువులో పావుగంట ఆలోచనకే పోయింది. చివరికి ‘ఆరేళ్ళలో ఎవరితోనూ గొడవ పడలేదు’ అని రాశారు. ‘తొందరపాటు మనిషి కాదు’ అని రాశారు. ‘ఇతని చేతిలో ఒక్క యంత్రం కూడా పాడవలేదు’ అని చెప్పాక భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నవ్వకు. నాకూ వస్తుంది,” అన్నాడతను.

యజమాని మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. స్టాంపు కూడా వేశాడు, సరిగ్గా పడలేదేమోనని ఇంకోసారి వేశాడు. అతను స్కూటరు తీసి, దారిలో రెండు సిగ్నళ్ళకీ పళ్ళు నూరుకుంటూ వెళ్ళి, పార్సిల్ కంపెనీ గేటు దగ్గర కవరు ఇచ్చేసి, లోపలికి తొంగి కూడా చూడకుండా వచ్చేశాడు.

ఒంటిగంటయింది. భార్య కట్టిన కట్టనే మళ్ళీ లెక్కపెట్టి తొంభై ఆరే వచ్చాయంది. ఒంటిగంటన్నరయింది. అతను రిసీవరు ఎత్తి, ఫోను పనిచేస్తోందో లేదో చూసి, గబుక్కున పెట్టేశాడు.

“మీరిలా ఎత్తుతూ కూర్చుంటే వాళ్ళకి ఎంగేజ్ వస్తుంది!”

రెండు కావస్తుండగా మోగింది.

“నువ్వు తియ్యి.”

“నా వల్ల కాదు బాబూ, మీరే తియ్యండి.”

అతను తీశాడు.

“నలభై ఏడు గారేనా?” అంది ఆ అమ్మాయి. ఆమె గొంతులోనూ ఆయాసం. “ఖాయమైందండీ! ఇప్పుడే సంతకమైంది!”

అతను భార్య వైపు తిరిగాడు. చెయ్యి పైకెత్తి ఊపాడు. భార్య చేతిలోని లేబుళ్ళు గది నిండా ఎగిరాయి.

“నిజం చెప్పాలంటే మూడో స్థానంలో ఉన్నారు,” అంది ఆ అమ్మాయి. “ఇంటర్వ్యూలో నోరు విప్పలేదని కాగితం మీద రాసుంది. మేనేజరుగారే అన్నారు, పద్దెనిమిది రోజులు మనల్ని వదలని మనిషి దారి తప్పిన పార్సిల్‌ని వదులుతాడా అని.”

“కొందరు కొత్తచోట నోరు విప్పరమ్మా.”

“చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది? నెల నోటీసు ఉంటుందేమో...”

“నోటీసా! అలాంటిదేం లేదు. రేపు తొమ్మిదింటికి మీ గేటు దగ్గర మనిషి ఉంటాడు. ఆ పూచీ నాది.”

ఫోను పెట్టి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“పదండి, చెప్పేద్దాం,” అంది భార్య. “ఇంకా దాచడం దేనికి?”

“నువ్వు చెప్పు.”

“అమ్మో, నేను సగంలో నవ్వేస్తాను. మీరే చెప్పాలి.”

అతను చొక్కా సర్దుకున్నాడు. అచ్చు యంత్రం దాటి వెళ్ళి, కాగితం గది తలుపు తోసి, లైటు వేశాడు.

“లేవయ్యా బావమరిదీ, నీకు ఉద్యోగం వచ్చింది!” అన్నాడు ప్రెస్ యజమాని.