గాజు పెంకుల గట్టు

"ఏయ్ అమ్మాయ్! ఆగక్కడ!"

చెరువు గట్టు మీద పరిగెడుతున్న వీరదుర్గ ఠక్కున ఆగిపోయింది.

చేపల చెరువు కాపలా కాసే ఎలీయాజరు, చేతికర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. పక్కన నల్లకుక్క.

"రేపట్నించీ ఒట్టి కాళ్లతో ఈ గట్టెక్కేవంటే ఊరుకోను. దొంగలు రాకుండా గడ్డిలో గాజు పెంకులు పోస్తన్నాను. బూట్లుంటే రా. లేకపోతే మానెయ్."

"ఇన్నాళ్లూ ఇక్కడే కదండీ పరిగెట్టాను!"

"ఇన్నాళ్లూ వేరు. ఇప్పుడు వేరు."

వీరదుర్గకు ఒళ్లు మండిపోయింది.

ఆమెది పెంటపాడు. ఆడపిల్ల పొద్దున్నే పరిగెడుతుంటే అక్కడ అందరూ నవ్వుతున్నారని, కొల్లేటి ఒడ్డున ఉన్న పెద్దమ్మ రత్నమాణిక్యం ఇంటికి వచ్చి సాధన చేసుకుంటోంది. వచ్చే నెలలో ఏలూరులో జిల్లా పరుగు పోటీ. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఓడితే చదువూ పరుగూ కట్టిపెట్టి, నాన్న వెనక నారుమడికి నడవడమే.

బూట్లు లేక కాదు. నాన్న జగ్గారావు కొన్నవి తెల్లగా మెరిసిపోతూ పెద్దమ్మ బీరువాలో ఉన్నాయి. ఆవిడ వాటిని ఊరందరికీ చూపించింది కూడా.

"పోటీ నాడే తొడుక్కో తల్లీ. ముందే తొడిగి పాడు చేసుకోకు," అని ఆయన మరీ మరీ చెప్పాడు.

అదీ నిజమే. పండక్కి కుట్టించిన బట్టలు పండగ రాకుండా ఎవరైనా తొడగనిస్తారా?

కానీ తారు రోడ్డెక్కితే చేపల లారీలు. మరో గట్టు లేదు. మర్నాడు ఎలీయాజరును తిట్టుకుంటూ ఆ కొత్త బూట్లే తొడిగింది.

మొదటి రోజే మడమలు బొబ్బలెక్కాయి.

"చూశారా మీ నిర్వాకం!" అంది కుంటుతూ.

"నేను తొడగమన్నానా? గట్టెక్కొద్దన్నాను," అని అటు తిరిగిపోయాడు.

అంతటితో ఊరుకున్నాడా? చివరి మలుపులో ఆమె కాస్త నెమ్మదిస్తే చాలు, "ఉస్కో!" అనేవాడు. నల్లకుక్క వెంటపడేది. ఇక చెరువు చివరిదాకా ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగే.

"ఆయన చేపలేమైనా బంగారంతో చేశారా పెద్దమ్మా? పోటీ అయిపోనీ, ఆ చెరువు ఆసామికే చెప్తాను."

పోటీ నాటికి బొబ్బలు మానాయి. బూట్లు మాత్రం మట్టి రంగుకు తిరిగాయి. ఏలూరులో వరసగా నిలబడ్డ తెల్లటి కొత్త బూట్ల మధ్య తన కాళ్లు చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది.

సగం దూరం వెళ్లేసరికి, ఆ తెల్ల బూట్లు ఒక్కొక్కటే రోడ్డు పక్కన కూలబడ్డాయి. మడమలు పట్టుకుని ఏడుస్తున్నారు పాపం.

చివరి మలుపులో వీరదుర్గకు ఎందుకో వెనక కుక్క వస్తున్నట్టే అనిపించింది.

గెలిచింది.

ఆ వారంలోనే మెడల్ పట్టుకుని చెరువు ఆసామి వెంకట్రాజు ఇంటికి వెళ్లింది. గొప్ప చెప్పుకోవాలి, పితూరీ కూడా చెప్పాలి.

"మీ కాపలాదారు నన్ను ఎన్ని తిప్పలు పెట్టాడో తెలుసాండీ?"

"నాకు కాపలాదారెవరమ్మా? కొల్లేట్లో చెరువు గట్లు గవర్నమెంటోళ్లు కొట్టేస్తారని తెలిసి నిరుడే చేపలన్నీ పట్టేశాం. మళ్లీ చేపపిల్లలు వెయ్యలేదు. ఎలీయాజర్ని అప్పుడే మాన్పించేశాను."

"మరి... గాజు పెంకులండీ?"

"చేపే లేని చెరువుకి గాజు పెంకులెవరు పోస్తారు తల్లీ?"

అరుగు కింద నుంచి నల్లకుక్క తోక ఊపుకుంటూ వచ్చి ఆమె చెయ్యి నాకింది. ఆవులించింది. నోట్లో ఒక్క పన్ను లేదు.

"ఇప్పుడాయన ఎక్కడున్నారండీ?"

"నీ పోటీ అయిన మర్నాడే కుక్కని నాకప్పజెప్పి, ఎటో వెళ్లిపోయాడమ్మా. ఇక్కడ పనైపోయిందన్నాడు. ఏం పనో మరి!"

వీరదుర్గ గట్టు మీదికి పరిగెత్తింది. ఈసారి ఎవరూ అదిలించలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

కాపలా పాక ఖాళీగా ఉంది. చూరుకు మాత్రం పాతకాలపు గుడ్డ బూట్ల జత ఒకటి వేలాడుతోంది. అడుగు అరగనే లేదు. మడమల దగ్గర నల్లబడ్డ నెత్తురు మరకలు.

వాటికి పిన్నీసుతో గుచ్చిన వెలిసిపోయిన గుడ్డ ముక్క మీద ఒక నంబరు, దాని కింద "జిల్లా పరుగు పోటీ, ఏలూరు" అని ఉంది.