వెనక కట్టిన కొమ్మ

హెడ్మాస్టరుగారు రిటైరై మూడేళ్ళయినా జేబులోని ఎర్ర కలం మాత్రం రిటైరవలేదు.

అడవికి వచ్చి కూడా, సఫారీ జీపు పది నిమిషాలు ఆలస్యంగా కదిలిందని గొణిగారు. డ్రైవరుకి అరవై దాటి ఉంటాయి. నిదానంగా నడుపుతాడని తోటి డ్రైవర్లు నత్త అని పిలుస్తున్నారు.

"ఈ నత్తతో పులిని చూసినట్టే," అన్నారు భార్యతో.

పులిని చూడాలన్నది ఆవిడకి చిన్నప్పటి కోరిక. సంసారం ఈదడంతోనే ఇన్నేళ్ళూ సరిపోయింది.

మిగతా జీపులన్నీ చెరువు వైపు పరిగెత్తాయి. నత్త ఒక మలుపులో ఇంజను ఆపి, దిగి, నేల చూసి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడో జింక అరిచింది.

"కదలకండమ్మా. ఎడమవైపు చూడండి."

గడ్డిలోంచి పులి వచ్చింది. వెనకే రెండు పిల్లలు. దారి వెంట కొంతదూరం తీరిగ్గా నడిచి పొదల్లోకి వెళ్ళిపోయాయి.

ఆవిడకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్లలు పెద్దవయ్యాక చూడ్డానికి మళ్ళీ రావాలని అక్కడే భర్త దగ్గర మాట తీసుకుంది.

నత్త సీటు కిందనుంచి తాడు తీశాడు. రాలిపడిన గుబురుకొమ్మనొకదాన్ని జీపు వెనక కట్టి బయల్దేరాడు. దుమ్మంతా లేచి హెడ్మాస్టరుగారి తెల్లచొక్కా మీద పడింది.

"కొమ్మెందుకయ్యా?"

"పనుందండి."

"ఇంట్లో పొయ్యికా?"

నత్త నవ్వి ఊరుకున్నాడు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నారు హెడ్మాస్టరుగారు.

గేటు దగ్గర ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని, డ్యూటీ బండిలో కట్టెలు మోసుకుపోతున్నాడని ఎర్రసిరాతో పేజీ నింపారు. అంత చక్కగా పులిని చూపించాడు కదా, పోనిమ్మంది భార్య.

"చూపించాడు. అయినా తప్పు తప్పే."

ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చారు. కొత్త డ్రైవరు. జీపు సమయానికి కదిలింది. దుమ్ము లేవలేదు. రాస్తే ఫలితం ఉంటుందని చెప్పానా అన్నట్టు భార్య వైపు చూశారాయన.

ఆ మలుపులో గంటసేపు ఆగారు. జింక అరవలేదు.

"పిల్లల్తో ఒక పులి ఉండాలి బాబూ ఇక్కడ," అంది ఆవిడ.

"లేదమ్మా. వేసవిలో వేటగాళ్ళు ఉచ్చు పన్ని చంపేశారు. తల్లి లేక పిల్లలూ బతకలేదు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత అడవిలో అది ఇటే తిరుగుతుందని వాళ్ళకెలా తెలిసిందని అడిగారు హెడ్మాస్టరుగారు.

"అడుగులండి. ఈ దుమ్ములో అచ్చు గుద్దినట్టు పడతాయి."

"ఇన్నేళ్ళూ పడలేదా?"

"పడేవండి. ఇక్కడ నత్త అని ఒక పెద్దాయన ఉండేవాడు. కట్టెలు మోసుకెళ్తున్నాడని ఎవరో రాస్తే తీసేశారు. ఆ తర్వాత కూడా రోజూ గేటు దగ్గరికొచ్చి, బండి వెనక కొమ్మ కట్టండ్రా అని మమ్మల్ని బతిమాలేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. ముసలాడికి మతి పోయిందని నవ్వుకున్నాం."

హెడ్మాస్టరుగారి చెయ్యి జేబు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"మాలో ఎవడు వేటగాళ్ళ మనిషో ఆయనకేం తెలుసండి. పులి చచ్చిననాడు మాత్రం దాని పక్కన కూలబడి చెప్పాడు. దాని తల్లి అడుగులూ, దాని అడుగులూ ఇన్నేళ్ళూ ఆ కొమ్మతోనే చెరిపానురా అని."