ఏ మెట్టు మీద

ట్యాబ్ తెర మీద పేరు పడగానే ముసలమ్మ మొహంలో రంగు మారింది.

"ఎవరి పేరొచ్చింది?" అంది.

"మీ పెద్దబ్బాయి మొఖేతి. ఆయనతోనే మాట్లాడాలి," అంది పులెంగ్.

పులెంగ్ సర్వే మనిషి. రాజధాని మసేరు నుంచి వచ్చింది. జనం ఎలా బతుకుతున్నారు, పని దొరుకుతోందా, లోకం పోకడ చూస్తే ఏమనిపిస్తోంది అని అడగడం ఆమె ఉద్యోగం. ఇంట్లో పెద్దవాళ్ల పేర్లన్నీ ఎక్కిస్తే, ట్యాబ్ అందులోంచి ఒకరిని ఎంచుతుంది. వాళ్ల బదులు ఇంకొకరిని అడగడానికి వీల్లేదు.

"చిన్నోణ్ణి అడిగితే కాదా, తల్లీ?"

"కుదరదమ్మా."

"పేరొచ్చినోణ్ణి ఎప్పుడు తీసుకుపోతారు?"

"ఎక్కడికీ తీసుకుపోం. పనులు ఇప్పించం. పొద్దున ఊరి సభలో చెప్పాను కదా, అడుగుతాం, వింటాం, అంతే."

ముసలమ్మ అన్నీ తెలిసినదానిలా నవ్వింది. "గనులోళ్లూ మొదట ఇట్లాగే పేర్లు రాసుకునేవాళ్లు. తర్వాత కండ ఉన్నోణ్ణి చూసి బండెక్కించేవాళ్లు."

లెసోతో కొండల్లో ఆ నమ్మకం పోగొట్టడం ఎవరి తరమూ కాదు. 

ముసలమ్మ గబగబా పశువుల దొడ్డి వైపు వెళ్లి కొడుకును వెంటబెట్టుకొచ్చింది. తలుపంత మనిషి. అక్కడివాళ్ల తీరున కొత్త దుప్పటి కప్పుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

ఎండ పడే గోడ దగ్గర అప్పటికే ఒకతను కూర్చుని దగ్గుతున్నాడు. ఎముకల గూడు. గడ్డం మాత్రం శుభ్రంగా గీసుకున్నాడు.

"ఈయనెవరు?"

"పక్క ఊరోడు. ఎండ కాగుతున్నాడు," అంది ముసలమ్మ.

అతను తలెత్తి ఒక్కసారి ముసలమ్మ వైపు చూశాడు. మళ్లీ తల దించుకున్నాడు.

"అయ్యా, ఏమనుకోకండి. పరాయివాళ్లు వింటుంటే జవాబులు చెల్లవు. కాస్త అవతల కూర్చోండి."

అతను గోడ పట్టుకుని లేచాడు. ఇంటి వెనక నీడలోకి వెళ్లాడు. ముసలమ్మ కూడా పొయ్యి దగ్గరకు పోయింది గాని, చెవులు మాత్రం ఇక్కడే వదిలిపోయింది.

"ఒక నిచ్చెన అనుకోండి," అంది పులెంగ్. "అన్నిటికన్నా పైమెట్టు మీకు దొరకగల మంచి బతుకు. అడుగున ఉన్నది అధ్వాన్నమైన బతుకు. ఇవాళ మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?"

"పైమెట్టే రాయక్కా."

"నిన్న ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందా?"

"నాకా? ఇద్దరు మోసే బస్తా ఒక్కణ్ణే మోస్తా."

"నిన్న మనసారా నవ్వారా?"

"నవ్వమంటే నవ్వుతా."

"ఎక్కడెక్కడో యుద్ధాలు జరుగుతున్నాయి. వాటి గురించి దిగులుగా ఉందా?"

"ఏ దేశం పంపినా పోతాననే రాసుకో."

పులెంగ్‌కు నవ్వొచ్చింది. ఇంత సుఖపడే మనిషి ఆ వారంలో తగల్లేదు మరి. జవాబులు పంపేసి, ట్యాబ్ సంచిలో పెట్టుకుంది.

ఇల్లు దాటుతుంటే వెనక నీడలోంచి పిలుపు వినిపించింది.

"చెల్లీ. ఆ నిచ్చెన సంగతి నన్ను కూడా అడుగు."

"పేరొచ్చినవాళ్లనే అడగాలయ్యా. రూలు."

"రాసుకోవద్దులే. ఊరికే అడుగు. నన్ను ఎవరైనా ఏదైనా అడిగి చాన్నాళ్లయింది."

అడగొచ్చు. ఎంతసేపని? కానీ కింద దారి మీద జీపు హారన్ కొడుతోంది. చీకటి పడకుండా కనుమ దాటాలి.

"మావాళ్లు పిలుస్తున్నారయ్యా. వచ్చేసారి మీ పేరే రావాలని కోరుకుంటాను."

"వచ్చేసారి," అన్నాడతను. నవ్వబోతే దగ్గు అడ్డొచ్చింది.

పులెంగ్ పరుగు లాంటి నడకతో దిగిపోయింది.

చలికాలం ముదిరాక ఒకరోజు ఆఫీసులో ఆమెను పిలిచారు. సర్వే నిజంగా చేశారో లేదో తేల్చుకోవడానికి, జవాబు చెప్పినవాళ్లలో కొందరికి ఫోన్ చేసి అడగడం అక్కడి పద్ధతి. ఆ పని చూసే లిపువో చేతిలో ఫోన్ పట్టుకుని అయోమయంగా చూస్తోంది.

"నీ మొఖేతి చనిపోయాడంటున్నారు. మొన్ననే పూడ్చారట. గని దుమ్ముకి ఊపిరితిత్తులు రాయైపోయాయట. మంచం పట్టి ఏళ్లయిందంటున్నారు. అలాంటి మనిషిని నువ్వెట్లా అడిగావు?"

"ఎవరో వేరే మొఖేతి అయ్యుంటాడు. నేను మాట్లాడినాయన బస్తాలు మోస్తాడు," అంటూ పులెంగ్ ఫోన్ తీసుకుంది.

అవతల ఆమెకు తెలిసిన గొంతే.

"అక్కా, నువ్వా? పని కబురొచ్చిందా?"

"ఎవరు మాట్లాడేది?" అంది పులెంగ్.

"నేను ఖోత్సోని, మొఖేతి తమ్ముణ్ణి. జవాబులు చెప్పింది నేనే. అన్నను చూస్తే వద్దంటారు, ఇంటికొచ్చిన పని పోతుందని అమ్మ నన్ను కూర్చోబెట్టింది. అన్న కూడా ఊరుకున్నాడు. పోయేముందు కూడా అదే అడిగాడక్కా, తమ్ముణ్ణి పిలిచారా అని."

ఇప్పించడానికి పని లేదు. అది ఈ మనిషికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. లిపువో ఎదురుగా నిలబడి ఉంది. ఆ ఇంటి జవాబులు కొట్టేస్తారు. అడగాల్సిన మనిషి ఇక లేడు.

"నాకు తెలియదు ఖోత్సో. నేను మీ అన్నను చూడనే లేదు."

"చూశావక్కా. ఆ పొద్దున సభలో నువ్వు వింటానన్నావని తెలిసి గడ్డం గీయించుకుని, గోడ పట్టుకుని బయటికొచ్చి కూర్చున్నాడు, నువ్వు ఎండలోంచి లేపి పంపింది మా అన్ననే."